అరవై మూడు చోట్ల ఒకే పేరు

మూసిన తలుపుకు అవతల ఎవరున్నారో చూసే దేవునికి స్తోత్రం. మనిషి పెట్టిన సంతకం కంటే ముందు అతని మనసును చదివే దేవునికి స్తోత్రం. దాచుకున్న మాటను తన సమయంలో బయటికి లాగి, లాగిన తర్వాత కూడా ఆ మనిషిని పారవేయని తండ్రికి మహిమ కలగాలి. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు పేజీలు రాసే ధైర్యం నాకు ఉండేది కాదు.

కంప్యూటర్లు, కేబుళ్ల మధ్య ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. నా విజయాలు చెప్పమని సంఘంలో యువకులు కొందరు అడిగారు. విజయాలు నాలుగైదు ఉన్నాయి కానీ వాటిని ఎవరైనా చెప్పగలరు. ఇది మాత్రం నేనే చెప్పాలి.

చివరి పన్నెండేళ్లు చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ ఇన్‌చార్జిగా ఉన్నాను. ఇల్లు తిరుపతిలో. పొద్దున కంపెనీ బస్సు, సాయంత్రం కంపెనీ బస్సు. తోతాపురి సీజను మొదలైతే కాయల ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు పొడవునా నిలబడేవి. ఆ రెండు నెలలు చొక్కా ఎన్నిసార్లు ఉతికినా పులిసిన మామిడి వాసన పోయేది కాదు. ఆదివారం ఆరాధనలో నా పక్కన కూర్చున్నవాళ్లు సీజను వచ్చిందా అన్నా అని అడిగేవాళ్లు.

ఫ్యాక్టరీలో తూకం గది వెనక ఒక చిన్న గది ఉండేది. అందులో ఏసీ కింద ఒక సర్వరు. దాని పని ఒక్కటే. ఫోనైనా, కంప్యూటరైనా, తూకం యంత్రమైనా మా నెట్‌వర్క్‌లోకి రావాలంటే ముందు తన పేరు, పాస్‌వర్డు దానికి చెప్పాలి. తన జాబితాలో ఆ పేరు ఉంటే రానిస్తుంది, లేకపోతే రానివ్వదు. గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది.

ఆ సర్వరును చూసుకునే మనిషి చిత్తూరు పట్టణంవాడు, కాంట్రాక్టు ఉద్యోగి, నాకంటే రెండేళ్లు పెద్ద. మేమంతా భాయ్ అనేవాళ్లం. నేను సంఘంలో వాక్యం చెబుతానని తెలుసు గనుక అతను నన్ను పాస్టరూ అని పిలిచేవాడు. మొదట్లో అది వేళాకోళం, తర్వాత అదే నా పేరైపోయింది. మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్తూ తన ఫోను నా బల్ల మీద పెట్టేవాడు. ఆదివారం పొద్దున నా ఫోనుకు వచ్చే కాల్స్ అతని ఫోనుకు మళ్లించేవాణ్ణి. నువ్వు ఆయనతో మాట్లాడు, యంత్రాలతో నేను మాట్లాడతా అనేవాడు. అలా పదకొండేళ్లు గడిచాయి. ఒక్కసారి కూడా ప్రార్థన మధ్యలో నన్ను ఎవరూ లేపలేదు.

అప్పుడు హెడ్డాఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. సర్వరు తీసేయాలి, ఆ తనిఖీ పని క్లౌడ్‌కు మార్చాలి. అంటే మా పేర్ల జాబితా ఇక మా గదిలో ఉండదు, ఎక్కడో దూరాన ఉంటుంది. పైగా అది ఉద్యోగుల రిజిస్టరుతో ముడిపడి ఉంటుంది. ఒక మనిషి ఉద్యోగం మానిన రోజు హెచ్ఆర్ వాళ్లు అతని పేరు మూసేస్తే చాలు, అన్నిచోట్లా ఆ పేరుకు తలుపులు మూసుకుపోతాయి. పాత సర్వరులో అలా కాదు. భాయ్ స్వయంగా చెరిపితే తప్ప పేరు ఉండిపోయేది. చచ్చినవాళ్ల పేర్లు కూడా అందులో ఉన్నాయని మేనేజరు విసుక్కునేవాడు. కొత్త పద్ధతి మంచిదే. ఇప్పటికీ మంచిదనే అంటాను. తప్పు పద్ధతిలో లేదు.

ఆ మార్పుకు ప్రతిపాదన రాసింది నేనే. అందులో చివరన ఒక వాక్యం: ఇకపై సర్వరు నిర్వహణకు ప్రత్యేకంగా మనిషి అవసరం ఉండదు. రాసేటప్పుడు అది సర్వరు గురించి రాస్తున్నట్టే అనిపించింది. ఆ వాక్యం ఆధారంగానే భాయ్ కాంట్రాక్టును ఆ నెలాఖరుతో ముగించారు. ఆ ప్రతిపాదనను అతను కూడా చదివాడు. అయినా పేర్లన్నీ క్లౌడ్‌కు ఎక్కించే పనిలో మూడు వారాలు నాకు సాయం చేశాడు కూడా.

ఆ జాబితా సరిచూస్తున్నప్పుడే బయటపడింది. అరవై మూడు పరికరాలు భాయ్ పేరు మీదే ఉన్నాయి. తూకం యంత్రాలు, లేబుల్ ప్రింటర్లు, కోల్డ్ రూమ్ థర్మామీటర్లు, కోల్డ్ రూముల లోపల గోడకు బిగించిన ఆరు బెల్లులు. మైనస్ ఇరవైలో పనిచేసేవాళ్లు లోపల చిక్కుకుంటే నొక్కడానికి పెట్టిన బెల్లులవి. నొక్కితే కంట్రోల్ రూములో మోగుతుంది.

ఫ్యాక్టరీ అంతా నీ పేరు మీదే ఉందే, ఓనరు నువ్వేనా భాయ్ అన్నాను.

"ఓనరైతే ఏసీ నాకుంటాది, ఆ పెట్టెకు కాదు" అన్నాడు.

తర్వాత సంగతి చెప్పాడు. కొత్త పరికరం వస్తే ఒక ఫారం ఉండేది. దాంట్లో బాధ్యుడు అని ఒక గడి. సంబంధిత సూపర్‌వైజరు అక్కడ సంతకం పెట్టాలి. ఎప్పుడో ఒకాయన స్కానరు పోగొట్టి మెమో తిన్నాడట. ఆనాటి నుంచి ఆ గడిలో సంతకం పెట్టే మనిషి దొరకలేదు. సంతకం లేనిదే సర్వరులో పేరు పెట్టకూడదు. పేరు లేనిదే పరికరం పనిచేయదు.

"ఒక్కడన్నా పెన్ను పట్టినాడా పాస్టరూ? పోతే నా మీదకొస్తాదని అందరూ తప్పుకునిరి. బెల్లు తెచ్చి గోడకు కొట్టి, పేరు లేదని మోగకుండా ఉంటే ఎట్ల? ఇంగ నా పేరే ఏసినా. ఇప్పుడు నేను పోతా ఉండా గదా, పేర్లు మార్పించు. ముందు ఆ బెల్లులు మార్పించు. మిగతాటివి ఆగితే పని ఆగుతాది, అంతే."

అలాగే భాయ్ అన్నాను. నిజంగానే ఫారాలు పట్టుకుని తిరిగాను. ప్రొడక్షన్ పెద్దాయన సీజను అయ్యాక చూద్దాం అన్నాడు. కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరు టీ ఇప్పించి పంపాడు. రెండోసారి వెళ్తే ఇద్దరూ లేరు. మూడోసారి నేను వెళ్లలేదు. వచ్చే నెల మొదటి మూడు రోజులు చిత్తూరులో సువార్త సభలు. రెండో రోజు పొద్దున వాక్యం నాది. నా మనసంతా అక్కడే ఉంది. నెలాఖరులోగా పని పూర్తయినట్టు రిపోర్టు కావాలని మేనేజరు రోజూ అడుగుతున్నాడు. అన్ని పరికరాలూ కొత్త పద్ధతికి మారాయి అని రాసి పంపాను. అబద్ధం కాదు, మారాయి. ఎవరి పేరుతో మారాయో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

భాయ్ ఆఖరి రోజున నో డ్యూస్ కాగితం పట్టుకుని వచ్చాడు. ఉద్యోగం మానేవాళ్లు ప్రతి సెక్షనుకూ తిరిగి, మాకు ఇతని నుంచి రావలసింది ఏమీ లేదని సంతకాలు చేయించుకునే కాగితం అది. క్యాంటీను, స్టోర్సు, సెక్యూరిటీ అందరూ పెట్టేశారు. నా గడిలో ఇలా ఉంది: ఈ ఉద్యోగి పేరు మీద ఉన్న పరికరాలు. నేను "లేవు" అని రాసి సంతకం పెట్టాను.

అతను కాగితం వైపు కొంచెంసేపు చూశాడు.

"లేవా?" అన్నాడు.

ఉన్నాయని రాస్తే కాగితం ఇక్కడే ఆగిపోతుంది భాయ్, నీ పేరు మూసేలోగా నేను చూసుకుంటాను అన్నాను. నిజానికి అతనికి మేలే చేస్తున్నాననుకున్నాను. ఏర్పేడు వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర సోమవారం పనిలో చేరాల్సి ఉంది అతను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాటుతూ, బెల్లులు మర్సిపోవద్దు అన్నాడు. అదే మా మధ్య స్నేహంగా నడిచిన చివరి మాట.

హెచ్ఆర్‌లో ఉండే అమ్మాయి తన పని తాను చేసింది. వెళ్లిపోయినవాళ్ల జాబితా చూసుకుని, రెండో తేదీ పొద్దున భాయ్ పేరు మూసింది. పరికరాలు కొన్ని గంటలకోసారి మళ్లీ పేరు చెప్పి అనుమతి అడుగుతాయి. అలా అడిగిన ప్రతిదానికీ లేదు అని జవాబు వచ్చింది. తొమ్మిదిన్నరకు తూకం యంత్రాలు, పది దాటాక లేబుల్ ప్రింటర్లు ఆగాయి. బయట ట్రాక్టర్లవాళ్లు హారన్లు కొడుతున్నారట. ఫ్యాక్టరీలో అందరూ ఆగిన తూకాల చుట్టూ మూగారు. గోడ మీద బెల్లు ఆగిపోతే శబ్దం ఏమీ రాదు. కంట్రోల్ రూము తెరపై ఆరు గుర్తులు బూడిద రంగులోకి మారాయి. కరెంటు పోయినప్పుడల్లా అవి అలాగే మారుతాయి గనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సమయంలో నేను షామియానా కింద, మైకు ముందు ఉన్నాను. నేను ఎంచుకున్న అంశం కావలివాడు. ప్రమాదం వస్తుండగా చూసి కూడా బూర ఊదని కావలివాణ్ణి దేవుడు జవాబు అడుగుతాడని చెబుతున్నాను. ప్యాంటు జేబులో ఫోను అదురుతూనే ఉంది. ప్రతి ఆదివారం నా ఫోను చూసే మనిషిని ఇంటికి పంపించానని ఆ అదురు చెబుతోంది. నేను గొంతు పెంచాను.

దిగాక చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. కంట్రోల్ రూముకు చేశాను. అక్కడి కుర్రవాడు తూకాలు, ప్రింటర్లు ఆగిపోయాయని, సరుకును గుర్తించే లాట్ నంబర్లు చేత్తో రాస్తున్నారని చెప్పాడు. సంగతి నాకు వెంటనే అర్థమైంది. భాయ్ పేరు తిరిగి తెరవమని హెచ్ఆర్‌కు చెప్పు, మేనేజరు అనుమతి కావాలి, అరగంట పట్టవచ్చు అన్నాను. బెల్లుల మాట నా నోట రాలేదు. గుర్తు రాలేదంటే నమ్ముతారో లేదో. భాయ్ నన్ను రెండుసార్లు ప్రత్యేకంగా హెచ్చరించిన ఆ ఒక్క సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదు. నేను ఫోను పెట్టేసి భోజనాల వరుసలో కూర్చున్నాను.

నేను ఆ కాల్ మాట్లాడుతున్నప్పుడు మూడో కోల్డ్ రూములో ఒక మనిషి ఉంది.

నగరి దగ్గర మరమగ్గాల ఇంటి ఆడబిడ్డ. మగ్గం ఆగి ఇల్లు గడవక సీజనులో మా దగ్గర ప్యాకింగు పనికి వచ్చేది. లేబుళ్లు రావడం లేదు గనుక పెట్టెల మీది లాట్ నంబర్లు రాసుకురమ్మని ఆమెను లోపలికి పంపారు. ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలని నియమం. ఆ రోజు చేతులు చాలక ఒక్కదాన్నే పంపారు. తలుపు మూసుకుంది. లోపలి పిడి మంచు పట్టి కదల్లేదు. బెల్లు నొక్కింది. మళ్లీ నొక్కింది. గ్లోవ్స్‌తో పట్టు జారిపోతోందని వాటిని తీసేసి, ఉత్త చేతులతో ఆ ఇనుప పిడిని పట్టుకుని లాగింది, కొట్టింది. నలభై నిమిషాల తర్వాత వేరే లాటు కోసం లోడింగు మనుషులు తలుపు తీస్తే కింద కూర్చుని ఉంది. ప్రాణం దక్కింది. తిరుపతి ఆస్పత్రిలో కుడిచేతి మూడు వేళ్ల కొసలు తీసేశారు.

నాలుగో రోజున మేనేజరు గదిలో విచారణ జరిగింది. మేనేజరు, హెచ్ఆర్ పెద్ద, సేఫ్టీ ఆఫీసరు, నేను. నో డ్యూస్ కాగితం బల్ల మీద ఉంది, నా సంతకంతో సహా. దాన్ని చూసి సేఫ్టీ ఆఫీసరు ఏదో అనబోయాడు. అది అందరూ పెట్టేదే, ఫార్మాలిటీ అని మేనేజరు పక్కకు తోశాడు. తర్వాత నా వైపు తిరిగి, అతను అన్నీ తన పేరు మీద పెట్టుకున్నాడని మీకు తెలియదు కదా అని అడిగాడు. జవాబు ప్రశ్నలోనే పెట్టి ఇచ్చాడు. నేను అందుకోవడమే మిగిలింది.

నా దృష్టికి రాలేదు అన్నాను.

మూడు మాటలు. నాకు ఇంకా ఏడాదిన్నర సర్వీసు ఉంది. నన్ను సంఘ పెద్దగా నిలబెట్టబోతున్నారు. ఇవి కారణాలు కావు, ఆ నిమిషంలో నా తలలో తిరిగినవి. మాజీ కాంట్రాక్టు ఉద్యోగి సంస్థకు తెలియకుండా పరికరాలను తన పేరు మీద ఉంచుకుని వెళ్లిపోయాడని ఫిర్యాదు రాశారు. భాయ్‌ను పోలీసు స్టేషనుకు పిలిచారు. మళ్లీ పిలిచారు. రోజూ పొద్దున వచ్చి బెంచీ మీద కూర్చోమన్నారు. ఏర్పేడు కాంట్రాక్టరు ఇక రావద్దన్నాడు. మసీదు మెట్ల దగ్గర కూడా జనం ఆ ఫ్యాక్టరీ సంగతి ఏమిటని అడిగేవారట. ఆ మూడు వారాలూ నేను ఆరాధనకు వెళ్లాను, పాటలు పాడాను. కావలివాడి వాక్యం గుండెకు తగిలిందని ఇద్దరు ముగ్గురు నా చెయ్యి పట్టుకుని చెప్పారు.

ఒకరోజు కంపెనీ తరఫున ఆస్పత్రికి వెళ్లమన్నారు. యాపిల్ పండ్లు, సంతకం చేయించాల్సిన ఒక కాగితం. ఆమె కుడిచేతికి కట్టు. సంతకం ఎలా పెడుతుందని ఎవరూ ఆలోచించలేదు. కంప్యూటరు సారు అని నర్సు చెప్పగానే ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

"నేను నొక్కింది ఎవరికి పోయింది సార్?"

కనుక్కుని చెబుతానమ్మా అన్నాను. కాగితం తిరిగి సంచిలో పెట్టుకుని బయటికి వచ్చి, ఇంటికి పోకుండా చిత్తూరు బస్సెక్కాను.

భాయ్ తన తమ్ముడి పరుపుల దుకాణంలో, దూది మూటల వెనక కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. నేను నిలబడే అడిగాను. నాకు ముందే తెలుసని, నువ్వు నాకు చెప్పావని స్టేషనులో ఎందుకు చెప్పలేదు భాయ్ అని.

"సెప్తే నమ్మేవాళ్లా? సంతకాలన్నీ నావే గదా" అన్నాడు. తర్వాత దూది వైపు చూస్తూ, "అదీ కాదులే. నీ నోటితో నువ్వే సెప్తావని సూస్తా ఉండినా. ఈ రోజు సెప్తాడు, రేపు సెప్తాడు అని. ఆదివారం చర్చికి పొయ్యేటప్పుడు నువ్వు ఏమని మొక్కుతావో అని ఆలోచించేవాణ్ణి, ఆ బెంచీ మీద కూసోని."

నేను ఏడ్చాను. అతను చూస్తూ ఉన్నాడు. తమ్ముడు టీ తెప్పిస్తానంటే, ఈయనకు బస్సుండాది, వద్దులే అన్నాడు.

మర్నాడు జరిగినదంతా మూడు పేజీలు రాశాను. జాబితా చూసింది, అతను హెచ్చరించింది, ఫారాలతో తిరిగి మానేసింది, నో డ్యూస్‌లో లేవు అని రాసింది, విచారణలో చెప్పిన మూడు మాటలు. ఒక ప్రతి మేనేజరుకు, ఒకటి స్టేషనుకు ఇచ్చాను. ఇప్పుడెందుకండీ ఇదంతా అని మేనేజరు చాలా బాధపడ్డాడు. ఫిర్యాదు నెమ్మదిగా వెనక్కి పోయింది. నన్ను ముందుగా రిటైరవమన్నారు. సంఘంలో నేనే లేచి చెప్పుకున్నాను, ఆ తర్వాత మైకు ముందుకు వెళ్లలేదు. అరవై మూడు పరికరాలకూ ఒకే వారంలో బాధ్యులు దొరికారు. అందరూ సంతకాలు పెట్టారు. చాలా తేలికగా అయిపోయిందని విన్నాను.

భాయ్‌కు ఆ వయసులో మళ్లీ కంప్యూటరు పని దొరకలేదు. పరుపులు కుడుతున్నాడు. రెండుసార్లు వెళ్లాను. మర్యాదగా మాట్లాడతాడు. సార్ అంటాడు. పాస్టరూ అనడు.

ఆమెకు బాకీ ఉన్న జవాబు చెప్పడానికి ఆరు నెలల తర్వాత నగరి వైపు వెళ్లాను. పక్కిళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి, గట్టిగా మాట్లాడితే తప్ప వినబడదు. ఆమె ఎడమచేత్తో నూలు కండెలు సర్దుకుంటోంది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. నువ్వు నొక్కినప్పుడు బెల్లు పిలిచిందమ్మా. కానీ ఆ బెల్లు వేరే మనిషి పేరు మీద ఉంది. ఆ మనిషి ఉద్యోగంలో లేడు. ఆ పేరుగలవాళ్లు ఎవరూ లేరని చెప్పి, మా కొత్త పద్ధతి ఆ పిలుపును లోపలికి రానివ్వలేదు. ఆ పేరు మార్చాల్సినవాణ్ణి నేను.

ఆమె కోప్పడలేదు. చేతిలోని కండె పక్కన పెట్టింది.

"ఆడ ఉండింది నేను గదా సార్" అంది. "నా పేరు సాలదా?"

ముప్పై ఏళ్లలో ఎన్ని పద్ధతులు చూశాను, పాతవీ కొత్తవీ. ఏ జాబితాలోనూ ఆ గడి లేదు. పరికరం ఎవరిది అని ఉంది, బాధ్యుడు ఎవరు అని ఉంది. లోపల ఎవరున్నారు అని ఎక్కడా లేదు.  లేచి ఆమెకు దణ్ణం పెట్టి వచ్చేశాను.

పిల్లలారా, మీరు నాకంటే తెలివైనవాళ్లు, పద్ధతులు మీకు నేర్పనక్కర్లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఈ కాగితం పక్కన పెట్టాక ఒక్క నిమిషం నాతో కలిసి మోకరించండి. పనికి రాని ఆ చేతి కోసం అడగండి. స్టేషను బెంచీ మీద నా కోసం ఎదురుచూసిన మనిషి కోసం అడగండి. ఇప్పుడు ఎక్కడో ఒక గడిలో "లేవు" అని రాయబోతున్న చెయ్యి కోసం అడగండి, దాన్ని ప్రభువు ఆపాలని. ఆమె పేరు ఏమిటని మీరు నన్ను అడగవచ్చు. నేను ఇక్కడ రాయలేదు. మనం ప్రార్థించే ఆయనకు ఆ పేరు తెలుసు. ఆయన దగ్గర అది చాలు. ఆమేన్ అనండి.